వాతావరణ శాస్త్రంలో ఉద్యోగాలు: ముందు మీ గడియారం ఏదో తేల్చుకోండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఫిజిక్స్ డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నారు. చిన్నప్పటి నుంచి మబ్బులంటే పిచ్చి. లెక్కల్లో ఓ మోస్తరు. వాతావరణ శాస్త్రంలోకి వెళ్తానంటే ఇంట్లోవాళ్లు "టీవీలో రేపు వానొస్తుందని చెప్పే ఉద్యోగమా?" అంటున్నారు. ఏఐ వచ్చాక ఫోర్‌కాస్టర్ల పని అయిపోయిందని ఇంకెవరో భయపెట్టారు. ఈ రంగంలో నిజంగా ఏయే దారులున్నాయి, మీకు ఏది నప్పుతుంది?

నేను ఇందులోకి వచ్చి 22 ఏళ్లయింది. మొదటి తొమ్మిదేళ్లు విమానాశ్రయ ఫోర్‌కాస్టర్‌గా షిఫ్టులు చేశాను. తర్వాత కొన్నేళ్లు ఒక పరిశోధన బృందంలో, వాతావరణాన్ని కంప్యూటర్ మీద ముందుగా లెక్కించే మోడళ్లు చెప్పింది ఎంతవరకు నిజమైందో లెక్కగట్టే పని. ఇప్పుడు పవన విద్యుత్ సంస్థలకు గాలి అంచనాలు ఇస్తున్నాను. మూడు చోట్లా చూసింది ఒకటే ఆకాశం, వాడినవి దాదాపు అవే సమీకరణాలు. అయినా ఆ మూడు ఉద్యోగాలకూ పోలికే లేదు. ఒకచోట అరగంటకోసారి జవాబు చెప్పాలి. ఇంకోచోట ఒక్క జవాబుకు మూడేళ్లు పట్టినా ఎవరూ తలుపు తట్టరు. మరోచోట అవతలివాడు నిర్ణయం తీసుకునే సమయానికి జవాబు అతని చేతిలో ఉండాలి. తర్వాత ఇస్తే అది ఎంత కచ్చితమైనదైనా చెత్తబుట్టకే. మబ్బులంటే ఇష్టం అందరికీ ఉంటుంది. ఈ గడియారాల్లో దేనితో బతకగలరన్నది మాత్రం మనిషిని బట్టి మారుతుంది. నా జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు రాత్రి షిఫ్టు సంగతి చెప్తాను. బయటివాళ్లకు ఈ పని అసలు ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

విమానాశ్రయంలో గంటకోసారి, రద్దీ చోట్ల అరగంటకోసారి మెటార్ అనే పరిశీలన నివేదిక వెళ్తుంది. అది ఇప్పుడున్న పరిస్థితి. రాబోయే పరిస్థితిని టాఫ్ అనే అంచనాలో రాయాలి. పెద్ద విమానాశ్రయాల్లో ఇది 24 లేదా 30 గంటలకు ఇస్తారు, ఆరు గంటలకోసారి కొత్తది రాస్తారు. మొత్తం కోడ్ భాషే. చూపు ఆనే దూరం 1000 మీటర్ల కన్నా తగ్గితేనే దాన్ని పొగమంచు అని రాస్తాం, అంతకు పైన ఉంటే పలుచటి మంచు తెర అంటాం. సందేహాన్ని కూడా కోడ్‌లోనే చెప్పాలి. అంతర్జాతీయ విమానయాన నియమాల ప్రకారం అందుకు రెండే మాటలున్నాయి: ప్రాబ్ 30, ప్రాబ్ 40. అవకాశం 30 శాతం కన్నా తక్కువైతే రాయనక్కర్లేదు. 50 లేదా అంతకన్నా ఎక్కువైతే అది సందేహం కిందికి రాదు, జరుగుతుందనే రాయాలి. మీ మనసులో ఉన్న "ఏమో, కావచ్చు, చెప్పలేం" మొత్తాన్ని ఈ ఇరుకు గదిలోకి సర్దాలన్నమాట.

నేను చేరిన రెండో శీతాకాలంలో ఒక రాత్రి. పగలు వాన పడి నేల తడిగా ఉంది, గాలి లేదు. పొగమంచుకు కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆకాశం నిండా మధ్యస్థాయి మబ్బు పరుచుకుని ఉంది. మబ్బు దుప్పటి ఉంటే నేల వేడి పైకి పోదు, నేల చల్లబడకపోతే పొగమంచు పట్టదు. ఆ ధైర్యంతో మూడు వేల మీటర్ల విజిబిలిటీ అని రాసి పంపేశాను. ఒంటిగంటకు ఉపగ్రహ చిత్రంలో మబ్బు తెర పడమటి అంచు కనిపించింది. మా వైపే జరుగుతోంది. అది దాటిపోతే ఆకాశం తేటపడుతుంది. చూశాను, అర్థమైంది కూడా. కానీ "ఇంకో చిత్రం వచ్చాక చూద్దాం" అనుకున్నాను. రెండున్నరకు నక్షత్రాలు కనిపించాయి. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రతకూ) ఒక్క డిగ్రీ తేడా మిగిలింది. "ఇంకో మెటార్ చూద్దాం" అనుకున్నాను. మూడున్నరకు విజిబిలిటీ 1500 మీటర్లు, నాలుగింటికి 300. నాలుగూ పదికి సవరణ పంపాను. అప్పటికే బయల్దేరిన రెండు విమానాలు వేరే ఊరికి మళ్లాయి.

పొద్దున షిఫ్టు మారేటప్పుడు మా సీనియర్ ఒక్కటే మాట అన్నారు. "అంచనా తప్పినందుకు నేనేమీ అనను. మబ్బు జరుగుతోందని నీకు ఒంటిగంటకే తెలుసు. నాలుగు దాకా ఎవరి కోసం ఆగావు?" ఒకటిన్నరకే ప్రాబ్ 40 అని సవరణ పంపి ఉంటే ఆ పైలట్లు అదనపు ఇంధనం వేసుకుని బయల్దేరేవారు. నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆగింది నా అహం కోసం. రాసినదాన్ని నేనే కొట్టేయడం ఇష్టం లేక.

ఫోర్‌కాస్టర్ పనిలో అసలు కష్టం ఇదే. సమాచారం సగమే చేతిలో ఉన్నప్పుడు మాట చెప్పాలి, మూడు గంటల తర్వాత అదే మాటను సిగ్గుపడకుండా మార్చుకోవాలి. తప్పా ఒప్పా అన్నది తెల్లారేసరికి ఊరంతటికీ తెలిసిపోతుంది. ఇది కొంతమందికి టెన్షన్, కొంతమందికి ఇదే మజా. నాకు చాలా ఏళ్లు మజాగానే ఉంది. ఒంటికి పడే దెబ్బ వేరే లెక్క. రాత్రి షిఫ్టుల వల్ల నిద్ర చెడుతుంది, పండగ రోజు తుపాను వస్తే పండగ ఆఫీసులోనే. పెళ్లయి పిల్లలు పుట్టాక ఇది ఒక్కరి నిర్ణయంగా మిగలదు. చేరేముందే ఇంట్లో మాట్లాడుకోండి.

ఈ దారిలోకి ఎలా వెళ్తారు? ప్రపంచ వాతావరణ సంస్థ ఈ ఉద్యోగాలను రెండు రకాలుగా చూస్తుంది: మెటియరాలజిస్టు, మెటియరలాజికల్ టెక్నీషియన్. మొదటిదానికి డిగ్రీ స్థాయి గణితం, భౌతికశాస్త్రం పునాది ఉండాలి, దాని మీద వాతావరణ శాస్త్రంలో నిర్ణీత పాఠ్యాంశాలు పూర్తిచేయాలి. చాలా దేశాల ప్రభుత్వ సంస్థలు ఫిజిక్స్, గణితం చదివినవాళ్లను తీసుకుని తామే శిక్షణ ఇచ్చుకుంటాయి. కాబట్టి మీ ఫిజిక్స్ డిగ్రీ వృథా కాదు, పైగా మంచి పునాది. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ప్రభుత్వ మెటియరాలజిస్టు పోస్టుకు డిగ్రీలోనే వాతావరణ శాస్త్రంలో 24 సెమిస్టర్ గంటలు (క్రెడిట్లు) ఉండాలి, అందులో ఆరు డైనమిక్స్‌కు, అంటే గాలి కదలికల లెక్కకు, ఆరు వాతావరణ వ్యవస్థల విశ్లేషణకు, అంచనాకు. ఏ దేశంలో పనిచేయాలనుకుంటున్నారో ఆ దేశపు అర్హతల జాబితా ఇప్పుడే తీసి, మిగిలిన సెమిస్టర్లలో ఏ పేపర్లు తీసుకోవాలో దాన్ని బట్టి ఎంచుకోండి. డిగ్రీ అయ్యాక చూసుకుందామనుకుని ఒక్క పేపర్ తక్కువై ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. ప్రభుత్వ, సైనిక వాతావరణ విభాగాల్లో చాలాచోట్ల ఆ దేశ పౌరులకే అవకాశం, అది కూడా గుర్తుంచుకోండి.

టెక్నీషియన్ పని గురించి, అంటే కొలతలు తీసే, పరికరాలు చూసుకునే పని గురించి, ఎవరూ చెప్పరు. లోకమంతా రోజుకు రెండుసార్లు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 00 గంటలకు, 12 గంటలకు, వందల కేంద్రాల నుంచి బెలూన్లు ఎగురుతాయి. హైడ్రోజన్ గానీ హీలియం గానీ నింపిన బెలూన్, దానికి వేలాడుతూ చిన్న పరికరం. సెకనుకు సుమారు ఐదు మీటర్ల చొప్పున లేచి, 30 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. ఆ దాదాపు రెండు గంటల ప్రయాణంలో అది పంపిన ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాల మీద ప్రతి మోడలూ ఆధారపడుతుంది. పాతకాలపు పరిశీలకుల ఉద్యోగాలు ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చాక తగ్గిన మాట నిజమే. కానీ ఆ కేంద్రాలను, రాడార్లను సరిగా పనిచేయించే మనుషులకు మాత్రం ఎప్పుడూ కొరతే. చేతిపని ఇష్టమైన ఫిజిక్స్ విద్యార్థికి పరికరాల రంగం చాలా మంచిది. భారత భౌతిక శాస్త్రవేత్త అన్నా మణి సి.వి. రామన్ దగ్గర వజ్రాల కాంతి ధర్మాల మీద పరిశోధన చేసి, ఆ తర్వాత వాతావరణ పరికరాల వైపు వచ్చారు. ఓజోన్‌ను కొలిచే బెలూన్ పరికరాన్ని భారత్‌లోనే తయారుచేయించింది ఆవిడే. మన రంగంలో సమీకరణాలు రాసేవాళ్లకు వచ్చినంత పేరు థర్మామీటరు సరిచూసేవాళ్లకు రాదు. కానీ థర్మామీటరు తప్పితే సమీకరణం చేయగలిగిందేమీ లేదు.

ఇక పరిశోధన. ఇక్కడ గడియారం ఏళ్లలో నడుస్తుంది. పీజీ, పీహెచ్‌డీ, ఆ తర్వాత రెండు మూడు తాత్కాలిక పోస్టులు, వాటితోపాటు ఊళ్లు మారడం. ముప్పై దాటాక గానీ స్థిరమైన ఉద్యోగం దొరకదు, కొందరికి అప్పుడూ దొరకదు. పీహెచ్‌డీ చేసినవాళ్లందరికీ సరిపడా ప్రొఫెసర్ పోస్టులు ఎక్కడా లేవు. ఇది తెలిసి వెళ్తే మంచిది. పీహెచ్‌డీ తర్వాత మోడల్ కేంద్రాలకు, ప్రైవేటు సంస్థలకు వెళ్లడం ఓటమేమీ కాదు, నాతో పనిచేసినవాళ్లలో సగం మంది చేసింది అదే.

పరిశోధనలో ఏ మూల ఎంచుకోవాలి అంటే నా ఓటు డేటా అసిమిలేషన్‌కు. పేరు విన్నవాళ్లే తక్కువ. ఇదేంటో చెప్పాలంటే ఒక పాత వైఫల్యం దగ్గరికి వెళ్లాలి. వాతావరణాన్ని భౌతికశాస్త్ర లెక్కగా చూసి ముందుగా లెక్కించవచ్చని నార్వే శాస్త్రవేత్త విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లో రాశారు. దాన్ని నిజంగా చేతిలెక్కతో చేసి చూసింది బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ విభాగంలో పనిచేస్తూ, 1910 మే 20 నాటి పరిశీలనలు తీసుకుని, ఆరు గంటల్లో పీడనం ఎంత మారుతుందో లెక్కించారు. జవాబు 145 మిల్లీబార్లు వచ్చింది. అంత మార్పు ఏ భయంకర తుపానులోనూ ఆరు గంటల్లో రాదు. ఆ రోజు నిజానికి పీడనం దాదాపు కదల్లేదు. ఆయన ఆ తప్పును దాచకుండా 1922లో పుస్తకంగా వేశారు. సమీకరణాలు సరైనవే. మొదట పెట్టిన పరిశీలనల్లో గాలికీ పీడనానికీ పొంతన కుదరలేదు, ఆ చిన్న పొరపాటే లెక్కలో కొండంతయింది. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద మొదటిసారి అంచనా వేసినప్పుడు ఆ చిక్కు రాకుండా సమీకరణాలను సరళం చేసుకున్నారు. 24 గంటల అంచనాకు దాదాపు 24 గంటలే పట్టింది, అది వేరే కథ.

డేటా అసిమిలేషన్ అంటే ఆ పొంతన కుదర్చడమే. బెలూన్లు, ఓడలు, విమానాలు, ఉపగ్రహాలు ఇచ్చే లక్షల కొలతలు ఒకదానితో ఒకటి సరిపడవు, ప్రతిదానికీ దాని దోషం దానికుంటుంది. వాటిని, అంతకుముందు మోడల్ వేసిన అంచనాను కలిపి, "ఈ క్షణంలో వాయుమండలం బహుశా ఇలా ఉంది" అని తేల్చాలి. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, భౌతికశాస్త్రం మూడూ కలిసిన చోటు. నేర్చుకోవడం కష్టం కాబట్టి జనం తక్కువ, జనం తక్కువ కాబట్టి ఉద్యోగాలు దొరుకుతాయి.

లెక్కల్లో ఓ మోస్తరు అన్నారు కదా. దాని సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఈ రంగంలో తలుపు దగ్గరే నిలబెట్టేది గణితమే, తీపి మాటలు చెప్పను. బహుచరరాశుల కలన గణితం, అవకలన సమీకరణాలు, వెక్టర్ కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ తప్పవు. నేను డైనమిక్స్ పేపర్ మొదటిసారి తప్పాను. సమీకరణాలను సమీకరణాలుగా బట్టీ పట్టడం వల్ల తప్పాను. రెండోసారి ఒక ప్రశ్న పట్టుకున్నాను: గాలి అధిక పీడనం నుంచి అల్పపీడనంలోకి నేరుగా పోకుండా దాని చుట్టూ ఎందుకు తిరుగుతుంది? పీడనం ఒక వైపు నెడుతుంది, గాలి కదలగానే భూభ్రమణ ప్రభావం దాన్ని పక్కకు వంచుతుంది, రెండూ సరితూగేసరికి గాలి సమపీడన రేఖల వెంట పారుతుంటుంది. నేల దగ్గర ఘర్షణ గాలి వేగం తగ్గిస్తుంది, దాంతో వంపు బలహీనపడి గాలి కొంచెం లోపలికి జారుతుంది. అల్పపీడనంలో గాలి పోగై పైకి లేచి మబ్బులు కట్టేది అందుకే. ఇది బొమ్మగా అర్థమయ్యాక సమీకరణంలో ఒక్కో పదం ఒక్కో మనిషిలా కనిపించింది. మీరు మబ్బుల పిచ్చి అన్నది నిజమైతే ఓ మోస్తరు లెక్కలు మంచి లెక్కలుగా మారతాయి. ఫొటోలు తీయడం వరకే ఆగే పిచ్చి అయితే అది హాబీగా ఉంచుకోండి, హాబీకి ఏ లోటూ లేదు.

డిగ్రీలో వాతావరణ శాస్త్రం చదవకపోతే ఆలస్యమైనట్టు కాదు. గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జ్ గణితజ్ఞుడు, బూమరాంగ్‌ల మీద ఎంత మోజంటే దాంతోనే మారుపేరు పడింది. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చేనాటికి ఈ రంగంతో ఆయనకు పరిచయం లేదు. రుతుపవనాలను అంచనా వేయబోయి, నేడు ఎల్ నినోతో ముడిపెట్టి చెప్పుకునే సదరన్ ఆసిలేషన్‌ను, అంటే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద పీడనం ఊయలలా ఊగడాన్ని, పట్టుకున్నారు. టోర్నడోల తీవ్రతకు కొలమానం ఇచ్చిన టెడ్ ఫుజితా చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. పాల్ క్రుట్జెన్ వంతెనల ఇంజినీరు. 1959లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ వాతావరణ విభాగంలో ప్రోగ్రామర్‌గా చేరేనాటికి ఆయనకు ప్రోగ్రామింగే రాదు. ఓజోన్ రసాయన శాస్త్రానికి 1995లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

ఇప్పుడు నేనున్న ప్రైవేటు రంగం. ఇక్కడ ఎవరూ "రేపు వాతావరణం ఎలా ఉంటుంది?" అని అడగరు. "రేపు నేనేం చేయాలి?" అని అడుగుతారు. గాలిమర సంగతే చూడండి. గాలిలోని శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. నేను సెకనుకు 8 మీటర్లు అని చెప్పి 8.8 వచ్చిందనుకోండి, వేగంలో తప్పు పది శాతమే, శక్తిలో మాత్రం 33 శాతం. విమానాశ్రయంలో ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ రేపటి విద్యుత్తును ఈరోజే అమ్ముకునేవాళ్లకు అది నేరుగా జరిమానా. పైగా ఈ సూత్రం అంతటా ఒకేలా పనిచేయదు. మర పూర్తి సామర్థ్యానికి చేరాక గాలి ఎంత పెరిగినా ఉత్పత్తి పెరగదు, మరీ ఎక్కువైతే భద్రత కోసం మర ఆగిపోతుంది. అంటే ఏ వేగం దగ్గర తప్పితే ఖరీదో, ఏ వేగం దగ్గర తప్పినా ఫరవాలేదో ముందే తెలుసుకుని ఉండాలి.

ఇంకోటి. గాలిమర రెక్కలు ఎక్కించడానికి క్రేన్ తెచ్చారు. గాలి ఎక్కువైతే పని ఆపాలి. పని ఆపితే ఒక వంతు నష్టం, ఆపకుండా గాలి ముంచుకొస్తే ఎనిమిది వంతులు అనుకుందాం. అప్పుడు గాలి వచ్చే అవకాశం ఎనిమిదిలో ఒక వంతు, అంటే పన్నెండున్నర శాతం దాటగానే పని ఆపడమే లాభం. నేను 15 శాతం అని చెప్తే వినేవాళ్లకు "రాదన్నమాట" అనిపిస్తుంది. క్రేన్ వాడికి అది "ఆపెయ్" అన్నట్టు. అదే 15 శాతం, ఆపకపోతే వచ్చే నష్టంలో మూడో వంతు ఆపడానికే ఖర్చయ్యే ఇంకొకరికి "కానివ్వు". ఈ చిన్న లెక్క డిగ్రీలో నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నా జీతంలో ముప్పావు వంతు దీని మీదే వస్తోంది.

మిగతా ప్రైవేటు దారులూ ఇదే కోవలోవి. బీమా సంస్థలు, వాటికే బీమా ఇచ్చే పునర్బీమా సంస్థలు తుపానులు, వరదల వల్ల రాగల నష్టాన్ని మోడళ్లతో లెక్కిస్తాయి. 1992లో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలో కొన్ని బీమా కంపెనీలను దివాలా తీయించాక ఆ మోడళ్లకు గిరాకీ పెరిగింది. ఓడలకు దారి చెప్పే సంస్థలు, వరద అంచనా, వ్యవసాయ సలహా, కాలుష్యం ఏ వైపు పోతుందో చెప్పే గాలి నాణ్యత పని కూడా ఉన్నాయి. గాలి నాణ్యతలో పగటి వేళలే, అంత నాటకీయత ఉండదు, నియమాలు, నివేదికలు ఎక్కువ. కుటుంబంతో స్థిరంగా ఉండాలనుకునేవాళ్లకు బాగుంటుంది. రసాయన శాస్త్రం మీద ఇష్టముంటే ఇంకా మంచిది. టీవీ పోస్టులు చాలా తక్కువ. తెర మీద కనిపించేవాళ్లందరూ మెటియరాలజిస్టులు కారు, ఆ విషయం ఇంట్లోవాళ్లకు చెప్పండి.

ఏఐ భయం సంగతి. ఇందులో సగం నిజం, సగం పుకారు. 2023లో పాంగు-వెదర్, గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడళ్లు వచ్చాయి. సూపర్ కంప్యూటర్ గంటల తరబడి చేసే పది రోజుల అంచనాను గ్రాఫ్‌కాస్ట్ ఒక్క ప్రాసెసర్ మీద నిమిషంలోపే ఇచ్చింది, చాలా కొలమానాల్లో మెరుగ్గా కూడా. యూరప్ మధ్యకాలిక అంచనా కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన సొంత ఏఐ మోడల్‌ను రోజువారీ సేవలో పెట్టింది. కాదనేది ఏమీ లేదు. కానీ ఆ మోడళ్లు దేన్ని చూసి నేర్చుకున్నాయి? అదే యూరప్ కేంద్రం భౌతిక మోడల్‌తో, డేటా అసిమిలేషన్‌తో తయారుచేసిన ఎరా5 అనే గతకాలపు వాతావరణ పట్టికను చూసి. ప్రతిరోజూ అవి మొదలుపెట్టేది కూడా అసిమిలేషన్ ఇచ్చిన ప్రారంభ స్థితి నుంచే. రిచర్డ్‌సన్‌ను పడగొట్టిన చోటే ఇప్పటికీ మనిషి పని మిగిలి ఉంది.

తగ్గే పని ఏదంటే, మోడల్ చెప్పినదాన్ని వాక్యాలుగా మార్చి రాసే పని. దాని మీద కెరీర్ కట్టుకోకండి. మామూలు రోజున రేపటి గరిష్ఠ ఉష్ణోగ్రత చెప్పడానికి నా అవసరం పదేళ్ల కిందటే తగ్గిపోయింది. పెరిగే పని రెండు రకాలు. ఒకటి, ఈ మోడళ్లు ఎక్కడ నమ్మదగినవో, ఎక్కడ కావో తేల్చడం. సగటున బాగున్న మోడల్, ఎన్నడూ చూడనంత వాన పడే రోజున ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న. రెండోది, ప్రమాదం వచ్చిన రోజున బాధ్యత తీసుకుని జిల్లా అధికారికో, డ్యామ్ ఇంజినీరుకో ఫోన్‌లో "ఇప్పుడే గేట్లు ఎత్తండి" అని చెప్పగలగడం. వాతావరణం తెలియని ఏఐ ఇంజినీర్లను, ఏఐ తెలియని మెటియరాలజిస్టులను రోజూ చూస్తుంటాను. రెండూ కొంచెం కొంచెం తెలిసినవాళ్లు ఖాళీగా ఉండటం మాత్రం ఇంకా చూడలేదు.

కాబట్టి ఈ రెండేళ్లలో పైథాన్, లినక్స్ బాగా నేర్చుకోండి. ఎరా5 డేటా 1940 నుంచి గంట గంటకూ ఉచితంగా దొరుకుతుంది. దాంట్లోంచి మీకు గుర్తున్న ఒక పెద్ద తుపాను రోజును తీసి, మీరే మ్యాప్‌లు గీయండి. డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ అంచనా మోడల్ కూడా ఉచితమే, మామూలు కంప్యూటర్ మీద చిన్న ప్రాంతానికి నడపవచ్చు. మొదటి వారం అది ఇన్‌స్టాల్ కాక ఏడిపిస్తుంది. ఏడవండి, అందరం ఏడ్చాం. ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష రాయడం రాకపోయినా చదవడం రావాలి, పెద్ద మోడళ్లు ఇప్పటికీ ఎక్కువగా అందులోనే ఉన్నాయి.

వీటన్నిటికన్నా ముందు ఈ రాత్రి నుంచే మొదలుపెట్టదగ్గది ఒకటుంది. మూడు నెలల పాటు రోజూ నిద్రపోయే ముందు, రేపు మీ ఊళ్లో వాన పడే అవకాశం ఎంతో మీ సొంత అంచనాగా ఒక నోట్‌బుక్‌లో రాయండి. మోడల్ చూడవచ్చు, రాడార్ చూడవచ్చు, ఆకాశం చూడవచ్చు, అంకె మాత్రం మీది. మర్నాడు మార్కు వేసుకోండి. 70 శాతం అన్నారు, వాన పడింది: ఒకటిలోంచి 0.7 తీసేస్తే 0.3, దాని వర్గం 0.09. పడలేదు: 0.7 వర్గం, 0.49. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. దీన్ని బ్రయర్ స్కోర్ అంటారు, 1950 నుంచి వాడుకలో ఉంది. రోజూ కళ్లు మూసుకుని 50 శాతం అని రాసేవాడికి కూడా 0.25 వస్తుంది, కాబట్టి మీ సగటు దానికన్నా తగ్గాలి. మీ దగ్గర వానలు బాగా తక్కువ పడే కాలమైతే ఈ గీటురాయి మరీ సులువు. అప్పుడు ఆ నెలలో సగటున ఎన్ని రోజులు వాన పడుతుందో ఆ శాతాన్నే రోజూ రాసేవాడితో పోటీ పడండి. వాడిని ఓడించడం అంత తేలిక కాదు.

తొంభై రోజుల్లో మీ సంగతి మీకే కొంత తెలుస్తుంది. పొద్దున లేవగానే కిటికీ తెరిచి ఫలితం చూసుకోవాలన్న ఆత్రం ఉంటే ఫోర్‌కాస్టింగ్ వైపు చూడండి. బాగా తప్పిన ఒక్క రోజును పట్టుకుని రెండు వారాలు దాన్నే తవ్వుతూ, మిగతా రోజులు రాయడమే మర్చిపోయారనుకోండి, పరిశోధన. "30 శాతం అంటే మా నాన్న గొడుగు తీసుకెళ్లాలా వద్దా?" అన్న దగ్గర ఎక్కువసేపు ఆగారంటే నా వైపు రండి. పట్టిక పూర్తయ్యాక నాకు పంపండి. స్కోరు ఎంతైనా ఫరవాలేదు, అన్నిటికన్నా ఎక్కువ తప్పిన మూడు రోజులు మాత్రం గుర్తుపెట్టి పంపండి, వాటి గురించి మాట్లాడుకుందాం.